ఫహాహీల్‌లో గ్రీసు పార్టీ మనిషి

గ్రీసు దేశంలో ఎన్నికల ఫలితాలొస్తే కువైట్ ఫహాహీల్‌లో అన్నం ముట్టని మనిషి ఒకడున్నాడు. ఆయన గ్రీకువాడు కాడు, ఆ దేశం మొహం చూసినవాడూ కాడు. పేరు లింబాద్రి. ఊరు ఆర్మూరు పక్కన పల్లె. కట్టే భవనాల్లో ఇనుప సలాకలు వంచి కట్టడం ఆయన పని.

నాది కుట్టుమిషను దుకాణం. రాజంపేట నుంచి వచ్చి, ఇక్కడి మార్కెట్టు వెనక సందులో ప్యాంట్లు కురచ చేస్తూ, జిప్పులు మారుస్తూ తల నెరిసిపోయింది. శుక్రవారం నమాజు అయ్యాక తెలుగువాళ్లు నా షాపు ముందు చేరతారు. బట్టలు ఇచ్చేవాళ్లు తక్కువ, కబుర్లు చెప్పేవాళ్లు ఎక్కువ. లింబాద్రి మాత్రం లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. రెండేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం అట్లాగే వచ్చి కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమప్పా, ఊర్లో ఎవురన్నా పోయినారా?" అన్నాను.

"లేదు నాగేశ్వరన్నా. సిరిజా ఓడిపోయింది. గోరంగ ఓడిపోయింది."

సిరిజా అంటే గ్రీసులో ఒక వామపక్ష పార్టీ అని ఆయన చెబితేనే తెలిసింది నాకు. నాకు పార్టీలంటే పడదు. మా ఊరి పార్టీలే నాకు చేసిందేమీ లేదు, సముద్రాలవతల పార్టీతో నాకేం పని? "నీకేమన్నా ఓటుండాదా ఆడ? పోయి కడుక్కో మొహం," అని కసిరాను. ఆయన నవ్వలేదు. ఓడిపోయిన పార్టీ కోసం కాదు ఆయన దిగులు అని నాకు అర్థం కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

లింబాద్రి తల్లి బీడీలు చుట్టేది. ఆ బీడీ కార్మికుల సంఘంలోనే ఆయన పెరిగాడు. జెండా మోశాడు, గోడల మీద రాశాడు. ఆ సంఘంలో రెండు అలవాట్లు ఉండేవట. ఏ సంగతైనా మీటింగులో చేతులు లేపించి తేల్చాలి. తేలిన మాట చెప్పడానికి యజమాని గదిలోకి ఎప్పుడూ ఇద్దరు పోవాలి, ఒక్కడు పోకూడదు. ఒక్కడైతే భయపడతాడు, లేదంటే మెత్తబడతాడు. ఇద్దరుంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు కాబట్టి నిలబడతారు. కువైట్ వచ్చాక ఆయనకు జోడీ పక్క ఊరి లింగం. ఇద్దరూ ఒకే వీసా మీద వచ్చారు, ఒకే కంపెనీ, ఒకే క్యాంపు. ఫోర్‌మన్‌తో పేచీ వస్తే ఇద్దరూ కలిసే లోపలికి పోయేవాళ్లు. లింగానికి ఊళ్లో గోడకు గోడ పక్కింటివాడు శ్యాంసుందర్ కూడా అదే గదిలో ఉండేవాడు. కోపిష్టి. మాట ముందు, ఆలోచన తర్వాత.

ఆ సైటు మీద థనాసిస్ అని ఒక గ్రీకు ఇంజనీరు ఉండేవాడు. లావుపాటి మనిషి, తెల్ల మీసం. ఒక మేడే నాడు లింబాద్రి అందరికీ మిఠాయి పంచుతుంటే, ఎందుకని అడిగి, సంగతి తెలిశాక పిడికిలి పైకెత్తి గట్టిగా నవ్వాడట. ఆ రోజు నుంచి ఎండకు పని ఆపేసే మధ్యాహ్నాల్లో ఆయన ఫ్లాస్కు మూత తీసి టీ పోసేవాడు, లింబాద్రి, లింగం ఎదురుగా కూర్చునేవాళ్లు. సగం హిందీ, సగం ఇంగ్లీషు. వాళ్లు తాగిన టీ కంటే విన్న గ్రీసు చరిత్రే ఎక్కువ.

"మా నాన్న కాలంలో కమ్యూనిస్టు అంటే దీవుల్లో పడేసేవాళ్లు," అని చెప్పేవాడు థనాసిస్. "అంతర్యుద్ధంలో మావాళ్లు ఓడిపోయారు, పార్టీని నిషేధించారు. తప్పయిపోయిందని సంతకం పెడితే ఇంటికి పంపేవాళ్లు. పెట్టినవాడితో ఊళ్లో తన వాళ్లే మాట్లాడేవాళ్లు కాదు. తర్వాత మిలిటరీ పాలన వచ్చింది. అప్పుడైనా కలిసి ఉన్నామా? అరవై ఎనిమిదిలో రెండుగా చీలాం. మాస్కో మాట వినాలన్నవాళ్లు ఒక పక్క, అక్కర్లేదన్నవాళ్లు ఒక పక్క. మిలిటరీ పోయాక నిషేధం తీసేశారు. ఎనభై తొమ్మిదిలో మళ్లీ కలిశాం, రెండేళ్లకే మళ్లీ విడిపోయాం."

"మా తాన గూడ గంతే సార్," అన్నాడట లింబాద్రి. "ఒక్క ఊర్ల నాలుగు ఎర్రజెండలుంటయ్. ఒకళ్ల ఇంట్ల పెండ్లైతె ఇంకొకళ్లు పోరు."

థనాసిస్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. రెండువేల నాలుగులో చిన్నాచితకా గుంపులన్నీ చేరి సిరిజా అని పేరు పెట్టుకున్నాయనీ, మొదట్లో నూటికి ముగ్గురో నలుగురో ఓటేసేవాళ్లనీ, దేశం అప్పుల్లో మునిగి జీతాలకూ పింఛన్లకూ కోత పడ్డాక జనం వాళ్ల వైపు తిరిగారనీ చెప్పాడు. రెండువేల పదిహేను జనవరిలో ఆ పార్టీ గెలిచింది. థనాసిస్ సైటుకు కేకు తెచ్చాడు. కోయడానికి లింగం కడ్డీలు కొలిచే స్కేలు ఇచ్చాడు. ఆ కేకు రుచి గురించి లింబాద్రి ఇప్పటికీ చెబుతాడు.

ఆ జూన్‌లో గొడవ మొదలైంది. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఫోర్‌మన్ తెలివిగా, భూమి కింద అంతస్తు 'బయట' లెక్కలోకి రాదని మనుషుల్ని అందులోకి దింపాడు. గాలాడదు. ఒకడు పడిపోయాడు. లింగం లేబర్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లొచ్చి చూసి కంపెనీ మీద రాసుకుపోయారు. వారం తిరక్కుండానే కంపెనీ కాగితాల పనులు చూసే మందూబ్, లింగం పని వదిలి పారిపోయాడని కేసు పెట్టేశాడు. లింగం ఎక్కడికీ పారిపోలేదు, క్యాంపులో తన మంచం మీదే పడుకునున్నాడు. పోలీసులు అక్కడికే వచ్చి తీసుకుపోయారు. ఇక్కడ ఆ కేసు పడితే దేశంలో ఉండటానికిచ్చే అనుమతి, ఇఖామా, పోతుంది, వేలిముద్రలు తీసుకుని దేశం దాటిస్తారు, మళ్లీ రానివ్వరు.

క్యాంపు మొత్తం పని ఆపేసింది. కంపెనీ దిగొచ్చింది. కింది అంతస్తులో మధ్యాహ్నం పని ఉండదంది, ఏళ్లుగా ఆపిన లీవులు ఇస్తామంది. లింగం మాట మాత్రం ఎత్తొద్దంది.

అదే వారం, జులై మొదటి ఆదివారం, గ్రీసులో ఓటింగు. అప్పిచ్చినవాళ్ల షరతులకు ఒప్పుకోవాలా వద్దా అని సిరిజా సర్కారే జనాన్ని అడిగింది. థనాసిస్ ఇక్కణ్నుంచి ఓటేసే వీల్లేదని సైటులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. లింబాద్రికి ఒళ్లు పొంగింది. ఆ సాయంత్రం భోజనాల షెడ్డులో బెంచీ ఎక్కాడు.

"గ్రీసుల ఇయ్యాల జనాన్ని అడుగుతున్నరు. నేను గూడ మిమ్ముల అడుగుతున్న. లీవులిస్తమంటున్నరు. లింగం మాట ఎత్తొద్దంటున్నరు. లింగం లేకుంట పనికి పోదమా? వద్దన్నోళ్లు చెయ్యి లేపుండ్రి."

అన్ని చేతులూ లేచాయి. గ్రీసులోనూ నూటికి అరవై మంది పైగా వద్దన్నారు. మర్నాడు థనాసిస్ లింబాద్రిని వాటేసుకున్నాడట.

తర్వాతి ఆదివారం మేనేజరు కబురు పెట్టాడు. జోడీ లింగం లాకప్పులో ఉన్నాడు. శ్యాంసుందర్ వెంట వస్తానన్నాడు. వీడు లోపల నోరు జారితే అంతా చెడిపోతుందని లింబాద్రి వాణ్ని తీసుకుపోలేదు. ఒక్కడే పోయాడు. సంఘం నేర్పిన వాటిలో ఆ ఒక్క మాట ఆ రోజు పక్కన పెట్టాడు. తన నేర్పు మీద తనకు నమ్మకం. నన్నడిగితే అది నేర్పు కాదు, గర్వం.

లోపల ఏసీ చల్లగా ఉంది. మేనేజరు మర్యాదగా కుర్చీ వేశాడు. "గురువారం దాకా లింగం కేసు నేను వెనక్కి తీసుకోవచ్చు," అన్నాడు. "కానీ తీసుకోను. వాణ్ని తెస్తే రేపు ప్రతివాడూ ఆఫీసులకు ఫోన్లు చేస్తాడు. రేపు పొద్దున మీరు పనికి రాకపోతే అదే కేసు అందరి మీదా పెడతాను. వస్తే అందరికీ లీవు. చెప్పు."

లింబాద్రి గ్లాసులో నీళ్లు తాగాడు. సరే అన్నాడు. అంతే. నిజంగా అందరి మీదా పెట్టేవాడా, ఉత్త బెదిరింపా, ఎవరికీ తెలీదు. బయటికొచ్చి మనుషుల్ని మళ్లీ అడిగి ఉండొచ్చు. అడగలేదు. క్యాంపులో చేరిన మనుషులకు ఒక అబద్ధం చెప్పాడు.

"లింగం కేసు పోలీసోళ్ల చేతుల వడ్డది. కంపెనీ గూడ ఏం జెయ్యలేదట. ఖలాస్. మిగిలినయన్ని ఒప్పుకున్నరు."

కొందరు కళ్లు తుడుచుకున్నారు, తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు బస్సులెక్కారు.

సైటుకు పోయేసరికి థనాసిస్ సిమెంటు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. టీ ఫ్లాస్కు మూత కూడా తీయలేదు. "మావాళ్లు ఒప్పుకున్నారు," అన్నాడు. "జనం వద్దన్న షరతులకే. తెల్లారేదాకా మాట్లాడి ఒప్పుకున్నారు."

"నేను గూడ ఒప్పుకున్న సార్," అని లింబాద్రి లోపల జరిగిందంతా చెప్పేశాడు.

థనాసిస్ అంతా విని అడిగాడట: "క్యాంపులో నిజం చెప్పావా?"

"లేదు."

"మావాళ్లు కనీసం టీవీ ముందు నిలబడి చెప్పారు," అన్నాడు థనాసిస్.

లింగాన్ని ఆ శనివారం విమానం ఎక్కించారు. సెప్టెంబర్లో గ్రీసులో మళ్లీ ఎన్నికలొచ్చాయి. సిరిజా నుంచి కొందరు ఎంపీలు అలిగి బయటికిపోయి వేరే పార్టీ పెట్టారు. అయినా సిరిజాయే గెలిచింది. అదే నెలలో క్యాంపు మనుషులు లింబాద్రిని తమ పెద్దగా ఎన్నుకున్నారు, భుజాల మీద ఎత్తుకున్నారు. లీవులు ఇప్పించిన మనిషి కదా. వాళ్ల భుజాల మీద కూర్చుని కిందికి దిగాలనిపించింది కానీ దిగలేకపోయానని నాతో అన్నాడు. అప్పటి నుంచి ఆ పార్టీ గతే తన గతి అనుకున్నాడు పిచ్చిమనిషి. పందొమ్మిదిలో అధికారం పోయినప్పుడు, ఇరవైమూడులో చిత్తుగా ఓడి నాయకుడు తప్పుకున్నప్పుడు, కొత్త నాయకుడొచ్చి మళ్లీ చీలికలొచ్చినప్పుడు, ప్రతిసారీ తనకు శిక్ష పడిందన్నట్టే ఉండేవాడు. కరోనా టైములో ఊరికి వెళ్లిపోయిన థనాసిస్ వాయిస్ మెసేజీలు పంపుతుంటాడు. ఈయన చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. అంత దూరం పార్టీ తప్పులు వినే చెవి, ఆర్మూరు నుంచి వచ్చే ఫోన్ మాత్రం వినేది కాదు. లింగం ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. లీవుకు పోయినా లింగం ఊరి మీదుగా పోయే బస్సెక్కేవాడు కాదు.

పోయినేడు లింగం భార్య రాజక్క కువైట్ వచ్చింది. మొగుడికి గల్ఫు దారి మూసుకుపోయింది, ఊళ్లో పసుపు పంటకు ధర లేదు, ఆమే వచ్చింది. హవల్లీలో ఒక ఇంట్లో ముసలమ్మను చూసుకుంటుంది. ఆ ఇంటి యజమానురాలు మామా నెలకు రెండు శుక్రవారాలు సెలవిస్తుంది. ఆ రెండు రోజులూ సముద్రం పక్క రోడ్డు బస్సెక్కి ఇక్కడికొస్తుంది, లింబాద్రి అన్న కోసం. సజ్జ రొట్టెలో, ఖర్జూరాలో చేతిలో పట్టుకొస్తుంది. అన్న ఆ రోజే మాయమైపోతాడు. "ఓవర్‌టైం ఉండాదంటమ్మా," అని నేను అబద్ధాలు చెప్పి చెప్పి విసిగిపోయాను.

"ఆ యమ్మ అంత దూరం నుంచి వస్తాంటే దాక్కుంటావేమప్పా? నీకేమన్నా అప్పుండాదా?" అని ఒకసారి తిట్టాను. ఆయన సూది పెట్టె సర్దుతూ ఉండిపోయాడు.

మొన్న ఆగస్టులో దాక్కోవడానికి వీలు కాలేదు. మర్నాడు రాఖీ పున్నమి. రాజక్క ఎప్పుడూ వచ్చే వేళకంటే ముందే వచ్చి, వాకిట్లోనే ఆయన్ను పట్టుకుంది. లోపలికి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి రాఖీ తీసింది. ఎర్ర దారం, మధ్యలో మెరుపు బిళ్ల. మామా ఇంట్లోంచి తెచ్చిన మిఠాయి ముక్క కాగితంలో ఉంది.

"చెయ్యియ్యే అన్నా. మా ఆయన గూడ జెప్పిండు, లింబన్నకు కట్టు అని," అంది. "గంతమందిల నువ్వొక్కనివే ఆయన దిక్కు నిలవడ్డవ్. కడమోళ్లంత లీవుల కోసం చేతులు లేపి ఆయన్ను వద్దన్నరట గదా."

లింబాద్రి చెయ్యి చాపినవాడే సగంలో ఆపాడు. "ఎవలు జెప్పిన్రు చెల్లె?"

"లాకప్పుల ఉన్నప్పుడు మందూబ్ జెప్పిండట. నీ దోస్తులే నిన్ను వద్దన్నరు, నీ లీడరొక్కడే ఏడ్సిండు అని. గప్పటి సంది మా ఆయన ఆ క్యాంపోళ్లెవ్వలతోని మాట్లాడడు. నీ పేరొక్కటే ఎత్తుతడు."

లింబాద్రి చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్లో దాచుకున్నాడు. నేను మిషను ఆపేశాను. పదేళ్లు తనొక్కడే మోస్తున్నానని అనుకున్న పాపం, అన్ని చేతుల మీదా పడిందని ఆయనకు అప్పుడే తెలిసింది. నాకు జాలి వేసింది, ఒళ్లు మండింది కూడా.

"కట్టకు చెల్లె," అన్నాడు. "చేతులు లేపింది లింగం కోసం. అందరు లేపిన్రు. లింగం లేకుంట పనికి పోమన్నరు. నేనే ఒక్కణ్ని లోపలికి పోయి సరే అనొచ్చిన. గురువారం దాకా కేసు ఎన్కకు తీసుకోవచ్చునని మేనేజరు నాకు జెప్పిండు. ఆళ్లకు జెప్పలే. పోలీసోళ్ల చేతుల వడ్డదని అబద్ధం జెప్పిన. అమ్మింది నేను. ఆళ్లు గాదు."

రాజక్క రాఖీని మళ్లీ కాగితంలో చుట్టింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. ఫోన్ తీసి ఊరికి చేసింది. ఎత్తగానే, "లింబన్న మాట్లాడుతడట. విను," అని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

స్పీకర్ ఆన్‌లో ఉంది, దూరంగా ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా! ఎన్నేండ్లాయె నీ గొంతు వినక," అన్నాడు లింగం. గొంతులో సంతోషం నాకే వినిపించింది.

లింబాద్రి చెప్పాడు. రాజక్కకు చెప్పిన మాటలే, ఇంకా తిన్నగా చెప్పాడు. మేనేజరు గదిలో తాగిన నీళ్లతో సహా చెప్పాడు. ఎక్కడా తనకు తాను సర్ది చెప్పుకోలేదు. థనాసిస్ పేరు కానీ, గ్రీసు పేరు కానీ ఎత్తలేదు. చివర్న, "నిన్ను నేను ఇడిసిపెట్టిన లింగం," అన్నాడు.

అవతల ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. లింగం కోపం కోసం నేను ఎదురు చూశాను. లింబాద్రి కూడా ఎదురు చూస్తున్నాడు, తిడితే బాగుండునన్నట్టు.

"శ్యాంసుందర్ గూడ లేపిండా చెయ్యి?" అని అడిగాడు లింగం.

"లేపిండు. అందర్ల ముందు లేపిండు. నేను లోపలికి పోతుంటె ఎంబడి వస్తనని గేటు దాకా వచ్చిండు. నేనే ఎన్కకు పంపిన."

శ్యాంసుందర్ మూడేళ్ల కిందట ఊళ్లో గుండెపోటుతో పోయాడు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. ఫోటోకు దండ వేసి నా షాపులోనే చందా ఎత్తాం.



"ఆని పాడె మా గడప ముందర్నుంచే పోయింది అన్నా," అన్నాడు లింగం. "ఆని పెండ్లాం నన్ను పేరు వెట్టి పిలిసింది. నేను తలుపేసుకున్న."

అవతల లింగం పెద్దగా ఏడవడం మొదలైంది. రాజక్క ఫోన్ లింబాద్రి చేతిలోంచి తీసుకుని స్పీకర్ ఆపేసింది.

"ఇగ చాలన్నా," అంది. "ఇయ్యాల్టికి మా ఆయనకు గిది చాలు."